పెద్దాయన నీ గురించి అడుగుతున్నాడు

నాయినా,

ఎట్లున్నావు? అమ్మ మోకాళ్ళ నొప్పి తగ్గిందా? ఫోన్ చేస్తే నువ్వు రెండు మాటలు మాట్లాడి "సరే బిడ్డా, పైలం" అని అమ్మ చేతికి ఇచ్చేస్తావు, అందుకే ఈసారి ఉత్తరం రాస్తున్నా. సాయంత్రం చెట్లు దిగి వచ్చి స్నానం చేసినంక చెల్లెతో నిమ్మళంగా చదివించుకో.

నేను పనిచేసే కేర్ హోమ్‌లో, అదే ముసలివాళ్ళను చూసుకునే చోట, ఒక పెద్దాయన ఉన్నాడు. ఎనభై నాలుగేళ్ళు. ఆయన పేరు బయట చెప్పకూడదు, పెద్దాయన అనే రాస్తా. ఇక్కడ స్కాట్లాండ్‌లో గ్లాస్గోకు పడమర సముద్రంలో ఐలా అని ఒక దీవి ఉంది, ఆయనది ఆ దీవే. మొత్తం దీవిలో జనం మూడు వేల పైచిలుకు, మన దగ్గర ఒక పెద్ద ఊరంత. కానీ విస్కీ తీసే డిస్టిలరీలు మాత్రం తొమ్మిదికి పైనే ఉన్నాయి. అందులో ఒకదాంట్లో ఆయన ముప్పై ఏళ్ళు పనిచేశాడు.

రోజూ పొద్దున ఆయనకు చొక్కా తొడిగేది నేనే. ఆయన కుడి భుజం ఎడమ భుజం కంటే కిందికి జారి ఉంటుంది, ఆ చెయ్యి పైకి లేవదు. ముందు ఆ చేతికి తొడిగి, తర్వాత ఎడమ చేతికి తేవాలి. ఒకరోజు ఉండబట్టలేక ఏమైందని అడిగా. "మంకీ షోల్డర్" అన్నాడు. బార్లీ గింజలు నానబెట్టి రాతి నేల మీద పరుస్తారట, మనం పెసళ్ళు మొలకెత్తించినట్టే. మొలక వస్తున్నప్పుడు గింజలో వేడి పుడుతుంది, అట్లాగే వదిలేస్తే వేర్లు ఒకదానికొకటి అల్లుకొని చాపలా అట్టకడతాయి. అందుకని రాత్రీ పగలూ కొన్ని గంటలకోసారి చెక్క పారలతో తిరగేస్తూనే ఉండాలి. ఏళ్ళ తరబడి అదే పని చేస్తే భుజం జారి, చెయ్యి కోతి చెయ్యిలా వేలాడుతుంది, అందుకే ఆ పేరు. ఆయన చెప్తుంటే నా కళ్ళ ముందు నీ ఛాతీ కనపడింది నాయినా. చెట్టును కరుచుకొని కరుచుకొని ఛాతీ మీద అరచెయ్యంత నల్లగా కాయ కాసింది చూడు, అది. చిన్నప్పుడు నీ మీద పడుకుంటే నా చెంపకు గరుకుగా తగిలేది.

చొక్కా గుండీలు పెడుతుంటే ఆయన అడిగాడు, "మీ నాన్న ఏం పని చేస్తాడు?" అని.

నీకొక మాట చెప్పాలి. ఇంటర్‌లో హాస్టల్ ఫారం నింపేటప్పుడు తండ్రి వృత్తి అన్నచోట నేను వ్యవసాయం అని రాశా. తర్వాత డిగ్రీలో కూడా, ఇక్కడికి వచ్చినంక రూమ్మేట్లకు కూడా అదే చెప్పా. పక్క బెంచీ వాళ్ళు ఏదో అంటారని భయం. పదేళ్ళుగా ఆ మాట లోపల ముల్లులా ఉంది. ఆ రోజు మాత్రం ఎందుకో నోట్లోంచి నిజమే వచ్చింది: మా నాయిన తాటిచెట్టు ఎక్కి కల్లు గీస్తాడు అని.

ఆయన నన్ను కూర్చోమన్నాడు. బ్రేక్‌ఫాస్ట్ చల్లారిపోతోందని చెప్పినా వినలేదు. చెట్టు ఎంత ఎత్తు, దేంతో ఎక్కుతాడు, పైన రెండు చేతులూ వదిలేస్తే ఆయన్ని పట్టుకునేది ఏది? అరవై డెబ్బై అడుగులు అంటే నమ్మలేదు. మోకు తాడు గురించి, నడుముకు కత్తులు పెట్టుకునే ముస్తాదు గురించి కాగితం మీద బొమ్మ గీసి చూపించా. నిన్నెవ్వరూ ఇట్లా అడగ్గా నేను చూడలేదు. నేను కూడా అడగలేదు.

కల్లును ఇంగ్లీషులో టాడీ అంటారని చెప్తే ఆశ్చర్యపోయాడు. ఇక్కడ జలుబు చేస్తే వేడినీళ్ళలో విస్కీ, తేనె, నిమ్మరసం కలుపుకొని తాగుతారు, దాన్ని హాట్ టాడీ అంటారు. ఆ మాట మన తాటిచెట్టు నుంచే పోయింది, ఉత్తరాది వాళ్ళు తాడీ అంటారు కదా, తెల్లవాళ్ళు దాన్ని పట్టుకొచ్చారు. వాళ్ళమ్మ చిన్నప్పుడు దగ్గుకు అదే ఇచ్చేదట. "అయితే మీ నాన్న చెట్టు పేరే ఇన్నాళ్ళూ తాగుతున్నానా" అని చాలాసేపు నవ్వాడు.

అప్పటి నుంచి శుక్రవారం సాయంత్రం మాకొక అలవాటైంది. డాక్టర్ సరే అన్నాడు కాబట్టి నర్సు ఆయనకు 25 మిల్లీలీటర్లు కొలిచి ఇస్తుంది. డ్యూటీలో నేను తాగకూడదు, వాసన మాత్రం చూస్తా. మొదటిసారి గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుంటే దెబ్బలకు రాసే టింక్చర్ గుర్తొచ్చింది, వెనకాల తడి పిడకల పొగ. ఐలా విస్కీ అట్లాగే ఉంటుందట. అక్కడి బురద నేలను ఇటుకల్లా కోసి, పిడకల లాగే ఎండబెట్టి, ఆ పొగ మీద మొలకెత్తిన బార్లీని ఆరబెడతారు. పీట్ అంటారు దాన్ని. నాచూ గడ్డీ వేల ఏళ్ళు నీళ్ళలో మగ్గి అట్లా అవుతుంది. ఆయన గ్లాసులో నాలుగు చుక్కల నీళ్ళు వేసి, కాసేపాగి మళ్ళీ చూడమన్నాడు. ఈసారి పొగ కింద బెల్లం పాకం లాంటిది తగిలింది. ముక్కు గ్లాసులో పెట్టినప్పుడు నోరు కొంచెం తెరిచి ఉంచాలి, లేకపోతే మంట ఒక్కటే తెలుస్తుంది, ఇదీ ఆయన చెప్పిందే.

నీకు అర్థమయ్యేలా చెప్తా. బార్లీని మర పట్టి, వేడినీళ్ళు పోసి తీపి నీళ్ళు దింపి, ఈస్ట్ వేస్తే నురగ కక్కుతూ పొంగుతుంది. అక్కడిదాకా అది మన కల్లులాంటిదే, కాకపోతే కొంచెం ఘాటు ఎక్కువ, వందకు ఎనిమిది పాళ్ళ దాకా ఉంటుంది. దాన్ని రాగి బట్టీల్లో రెండుసార్లు కాస్తారు. రెండోసారి కాసినప్పుడు ముందొచ్చేదీ చివరొచ్చేదీ పక్కకు తీసేసి నడిమిదే ఉంచుకుంటారు. ఎక్కడ కోయాలో చెప్పేవాడే అక్కడ అసలు పనోడు. ఆయన కాలంలో అది అద్దాల పెట్టెలోంచి పారుతుంటే చూసి చెప్పాలట, చేత్తో ముట్టే వీల్లేదు, పెట్టెకు అబ్కారీ వాళ్ళ తాళం. అక్కడా అబ్కారీ వాళ్ళే నాయినా! ఆ తర్వాత ఓక్ చెక్క పీపాల్లో పోసి కనీసం మూడేళ్ళు పెట్టాలి, అంతకు ముందు దాన్ని స్కాచ్ అనకూడదని చట్టం. పీపాలో ఏడాదికి వందకు రెండు పాళ్ళ దాకా ఆవిరైపోతుంది, దాన్ని దేవతల వాటా అంటారు. నువ్వు తాటాకు రేకలో కల్లు పోసుకొని ముందు నాలుగు చుక్కలు నేల మీద చిలకరిస్తావు కదా, ఎల్లమ్మకు అని, అది చెప్పా ఆయనకు. కాసేపు ఏమీ మాట్లాడలేదు, తర్వాత గ్లాసు కొంచెం పైకెత్తాడు.

మే నెలలో నాలుగు రోజులు సెలవు పెట్టి ఐలా పోయొచ్చా. మూడు గంటలకు పైగా బస్సు, తర్వాత కెన్నక్రేగ్ దగ్గర పడవ ఎక్కితే ఇంకో రెండు గంటల ప్రయాణం. అక్కడ కారులో ఎదురొచ్చే ప్రతివాళ్ళూ స్టీరింగ్ మీంచి వేలు ఎత్తి పలకరిస్తారు, తెలిసినా తెలియకపోయినా. బోమోర్ అనే ఊళ్ళో 1767లో కట్టిన గుండ్రటి చర్చి ఉంది, దయ్యం దాక్కోవడానికి మూల ఉండకూడదని అట్లా కట్టారని చెప్పుకుంటారు. అదే ఊళ్ళో 1779 నాటి డిస్టిలరీలో ఆ రాతి నేల, ఆ చెక్క పారలు చూశా. పార ఒకటి పట్టుకొని పది సార్లు తిప్పేసరికి నా భుజం పట్టేసింది.

ఆ సాయంత్రం పబ్‌లో ఒక జాలరి పక్కన కూర్చున్నా. ఆల్చిప్ప తెరిచి, పచ్చి మాంసం మీద ఒక చెంచా విస్కీ పోసి నా చేతిలో పెట్టాడు. సముద్రపు ఉప్పు, పొగ, రెండూ కలిసి గొంతు దిగాయి. నీకు నచ్చుతుంది, అమ్మ మాత్రం ఆమడ దూరం పరిగెడుతుంది. గ్లాసు ఎత్తేటప్పుడు వాళ్ళ పాత భాష గేలిక్‌లో స్లాంజె వా అంటారు, మంచి ఆరోగ్యం అని అర్థం. విస్కీ అనే మాట కూడా ఆ భాషలోదే, అసలు అర్థం ప్రాణం పోసే నీళ్ళు.

వచ్చేటప్పుడు పెద్దాయన కోసం పీట్ ముక్క ఒకటి జేబులో వేసుకొని తెచ్చా. అరచేతిలో పెడితే బొటనవేలితో చిదిమి, పొడిని ముక్కు దగ్గర పెట్టుకొని కళ్ళు మూసుకున్నాడు. వాళ్ళ నాన్నతో కలిసి పీట్ కోసిన మడి గురించి ఆ రోజు గంట సేపు చెప్పాడు. మామూలుగా ఆయన పొద్దున తిన్నది సాయంత్రానికి మరిచిపోతాడు.

తిండి సంగతి అమ్మకు చెప్పు. జనవరి 25న ఇక్కడ వాళ్ళ కవి రాబర్ట్ బర్న్స్ పుట్టినరోజు, ఆ రాత్రి హాగిస్ తింటారు. గొర్రె గుండె, కార్జం, ఊపిరితిత్తులు సన్నగా తరిగి, ఓట్స్, కొవ్వు, ఉల్లిగడ్డ, మిరియాలు కలిపి పొట్టలో కూరి ఉడికిస్తారు. మన బోటి కూర తిన్నవాడికి అందులో కొత్తేం లేదు, కారం తప్ప అన్నీ ఉన్నాయి. నాతో పనిచేసే ఇంగ్లీషు పిల్ల ముక్కు మూసుకుంటే, నేను రెండోసారి పెట్టించుకున్నానని పెద్దాయనకు ఎంత సంతోషమో. సంక్రాంతికి అమ్మ పంపిన సకినాలు ఆయనకు కూడా ఇచ్చా. కట్టుడు పళ్ళు కదా, చిన్న ముక్క విరిచి నోట్లో నానబెట్టుకొని తిన్నాడు. నువ్వులూ వామూ తగలగానే విస్కీకి ఇదే సరైన జోడీ అన్నాడు. నైట్ షిఫ్ట్‌లో ఉండే రొమేనియా అక్క వాళ్ళ తాత ఇంటి ద్రాక్షతో వైన్ చేస్తాడట, ఆమె తెచ్చిన సీసా కూడా రుచి చూశా, కొంచెం పుల్లగా, పగటి పూట కల్లులా బాగుంది.

నువ్వు కంగారు పడకు, నేను తాగుడుకు అలవాటు పడలేదు. పెద్దాయనే చెప్పాడు, వాళ్ళ కాలంలో డిస్టిలరీలో పనివాళ్ళకు డ్యూటీలోనే గ్లాసు నిండా కొత్త సారా పోసేవాళ్ళట, రోజుకు రెండు మూడు సార్లు. ఆ అలవాటుతో ఇద్దరు స్నేహితుల కాపురాలు పాడయ్యాయి, తర్వాత అది మానేయడమే మంచిదైంది అన్నాడు. నువ్వు ఒక్కనాడూ తాగి చెట్టెక్కలేదని, మత్తుమందు కలిపిన కల్లు అమ్మమని ఎంత ఒత్తిడి చేసినా ఒప్పుకోలేదని చెప్పా. "నిజాయితీ ఉన్న మనిషి" అని చెల్లెతో నీకు గట్టిగా చదివించమన్నాడు. చదివించింది కదా?

ఇప్పుడు అసలు సంగతి. ఆయన అడిగిన వాటిలో సగానికి నా దగ్గర జవాబు లేదు. మన కల్లు ఈస్ట్ వెయ్యకుండానే పొంగుతుందంటే ఆ ఈస్ట్ గాలిలోంచి వస్తుందా, పాత లొట్టి కుండలోంచి వస్తుందా? సున్నం రాస్తే నీరా పులియదని తెలుసు, ఎంత రాయాలో కొలత ఉందా, చేతి లెక్కేనా? పోతుతాడు కల్లుకూ పండుతాడు కల్లుకూ తేడా నువ్వు వాసనతోనే చెప్తావు కదా, ఆ తేడా ఏంటి? గెలను ఎంత మందం గీస్తావు, ఎక్కువ తెగితే చెట్టు ఏమవుతుంది? నీకు ఈ పని ఎవరు నేర్పారు, తాతనా, మొదటిసారి ఎక్కినప్పుడు ఎన్నేళ్ళు? ఈ చివరిది నాకు కూడా తెలియదు నాయినా. ఆయన అడిగేదాకా తెలుసుకోవాలనే తట్టలేదు, చాలా సిగ్గుగా అనిపించింది.

సర్వాయి పాపన్న గురించి కూడా చెప్పా, మన గీత కులంలో పుట్టి 1708లో వరంగల్ మీద పడ్డ మొనగాడు అని. నీకు తాత చెప్పిన పాపన్న కథలు ఇంకేమన్నా ఉంటే అవి కూడా గుర్తు చేసుకొని పెట్టుకో.

వచ్చే ఆదివారం మీకు మధ్యాహ్నం మూడున్నరకు వీడియో కాల్ చేస్తా, ఇక్కడ పొద్దున పదకొండు. పెద్దాయన నా పక్కనే ఉంటాడు. సాయంత్రం గీతకు ముందే కాబట్టి నీ పనికి అడ్డం రాదు. మోకు, ముస్తాదు, కత్తి అన్నీ పట్టుకొని ఇంటి వెనక పెద్ద తాడు కింద ఉండు, చెట్టు మీంచి పడకుండా సర్కారు ఇచ్చిన కాటమయ్య కిట్ కూడా వేసుకో, ఊరికే మూలకు పడెయ్యకు. ఫోన్ చెల్లెను పట్టుకోమను. ఆయన ముందు నీ కత్తి దగ్గరగా చూస్తానన్నాడు, తర్వాత నువ్వు ఎక్కేది.

నీ కొడుకు