జపనీయుల ఇంగ్లీషును చూసి జాలిపడే ముందు

సంపాదకులకు నమస్కారం.

గత ఆదివారం మీ అనుబంధంలో జపనీయుల ఇంగ్లీషు మీద వచ్చిన వ్యాసం చదివాను. ప్రపంచానికి కార్లు, కెమెరాలు అమ్మిన దేశం ఇంగ్లీషులో నాలుగు ముక్కలు మాట్లాడలేకపోతోందని రచయిత జాలిపడ్డారు. మన యువత అక్కడికి వెళితే ఆ ఒక్క భాషతోనే నెగ్గుకురావచ్చని భరోసా కూడా ఇచ్చారు. ఆ జాలీ, ఆ భరోసా రెండూ నాకు మింగుడుపడలేదు. నేను కవాసాకిలో యంత్రాల విడిభాగాలు తయారుచేసే ఒక సంస్థలో పనిచేస్తున్నాను. అమెరికా కొనుగోలుదారులతో వ్యవహారాలు చూసే విభాగం మాది. మధ్యాహ్నం భోజనాలయ్యాక కొందరు సహోద్యోగులు నా బల్ల చుట్టూ చేరి ఇంగ్లీషు సాధన చేస్తారు. అది నా ఉద్యోగంలో భాగం కాదు, దానికి జీతమూ లేదు. కాబట్టి కాస్త నిర్మొహమాటంగానే రాస్తున్నాను.

జపనీయులకు ఇంగ్లీషు పదాలు రావన్నది మొదటి అపోహ. పొద్దున్నే నాంబు లైను రైలు ఎక్కి చూడండి. బడిపిల్లల చేతుల్లో చిన్న చిన్న అట్టముక్కలు గుచ్చిన రింగు కనిపిస్తుంది. ముక్కకు ఒకవైపు ఇంగ్లీషు మాట, రెండోవైపు జపనీస్ అర్థం. ఇంకొందరి దగ్గర పదాల పుస్తకం, దాని మీద పారదర్శకమైన ఎర్ర ప్లాస్టిక్ రేకు ఉంటాయి. అర్థాలను ఎర్ర సిరాతో అచ్చువేస్తారు కాబట్టి రేకు పెట్టగానే అవి మాయమవుతాయి. మనసులో జవాబు చెప్పుకుని, రేకు కిందికి జరిపి సరిచూసుకుంటారు. పక్కన ఎవరు నిలబడ్డారో, ఏ స్టేషను దాటిందో వాళ్లకు పట్టదు. 2020 నుంచి అయిదు, ఆరు తరగతుల్లోనే ఇంగ్లీషు పూర్తిస్థాయి పాఠ్యాంశమైంది. ప్రభుత్వ పాఠ్యప్రణాళిక ప్రకారం ప్రాథమిక బడిలో 600 నుంచి 700 పదాలు, ఆ తర్వాతి మూడేళ్లలో 1600 నుంచి 1800, ఉన్నత పాఠశాలలో మరో 1800 నుంచి 2500 నేర్పాలి. అంటే బడి దాటేసరికి నాలుగైదు వేల మాటలు చెవినపడతాయన్నమాట. అవన్నీ గుర్తుంటాయా అంటే అది వేరే సంగతి. మనకు మాత్రం ఉన్నాయా?

చిక్కు ఎక్కడ వస్తుందో చెబుతాను. మా విభాగంలో ఒక యువ ఇంజనీరుకు 'టాలరేట్' తెలుసు, 'పోస్ట్‌పోన్' తెలుసు, 'ఎక్స్‌టింగ్విష్' కూడా తెలుసు. పెద్ద మాటలకు జపనీస్‌లో ఒకదానికొకటి సరిపోయే అర్థం దొరుకుతుంది, రేకు కింద చక్కగా ఇముడుతుంది. అదే మనిషి 'పుట్ అప్ విత్', 'పుట్ ఆఫ్', 'పుట్ అవుట్' అన్న చోట నిలబడిపోతాడు. 'పుట్' అంటే పెట్టడమని ఎప్పుడో నేర్చుకున్నాడు. పెట్టడంలోంచి సహించడం, వాయిదా వేయడం, మంట ఆర్పడం ఎలా పుట్టుకొచ్చాయో అతనికి ఎవరూ చెప్పలేదు. మా అమెరికా కొనుగోలుదారులు మాత్రం రోజంతా వాడేది ఈ చిన్న మాటలనే. పెద్ద మాటలు ఒప్పందపత్రాల్లో తప్ప కనిపించవు.

దీనికి నేను కనిపెట్టిన కిటుకు పుస్తకాలది కాదు, వాళ్ల భాషలోదే. జపనీస్‌లో 'దసు' అంటే బయటికి తీయడం. 'తోబు' అంటే ఎగరడం, దూకడం. రెండూ కలిసి 'తోబిదసు' అయితే బయటికి దూసుకురావడం. ఇంతవరకూ సులువే. కానీ వాన కురవడానికి వాడే 'ఫురు'కు అదే 'దసు' తగిలిస్తే 'ఫురిదసు', అంటే వాన మొదలైంది. అందులో ఎవరూ దేన్నీ బయటికి తీయలేదు. మన 'ఏడ్చేశాడు'లోనూ 'వేయడం' దాగి ఉంది, అయినా అక్కడ ఎవరూ దేన్నీ విసిరేయలేదు. ఈ మాట చెప్పి, యుద్ధమో మంటలో హఠాత్తుగా మొదలవడానికి వాడే 'బ్రేక్ అవుట్'ను బోర్డు మీద రాసి, ఇందులో 'అవుట్' మీ 'దసు' లాంటిదే అన్నాను. ఆ ఇంజనీరు కాసేపు బోర్డు వంకే చూసి, 'అయితే ఫురిదసును పరాయివాళ్లు ఎలా నేర్చుకుంటారు పాపం' అన్నాడు. ఆ రోజు నుంచి అతని అట్టముక్కల మీద ఒంటరి మాటలు తగ్గి, చిన్న చిన్న వాక్యాలు కనిపిస్తున్నాయి.

పరాయి భాషల మాటల కోసం వాడే కతకన లిపిలో రాసుకున్న అరువు మాటలది మరో గొడవ. 'న్' తప్ప మరే హల్లుతో ముగిసే మాటైనా వాళ్ల నోటికి పొసగదు, అచ్చు ఒకటి చేరాల్సిందే. మనకిది కొత్త కాదు, బస్సుకు మనం 'ఉ' చేర్చాం, వాళ్లు 'బసు' అన్నారు. ఈ విషయంలో వాళ్లను చూసి నవ్వే హక్కు తెలుగువాళ్లకు లేదు. అసలు ఇబ్బంది ఉచ్చారణది కాదు, తెలిసిన మాటే అనిపించి తప్పుదారి పట్టించడం. జపాన్‌లో గోడకున్న విద్యుత్ సాకెట్టును 'కొన్‌సెంతో' అంటారు. 'మన్‌షొన్' అంటే మామూలు అపార్ట్‌మెంటు ఇల్లు. పరీక్షలో కాపీ కొట్టడం 'కన్నింగు'. మనకు నచ్చినంత వడ్డించుకుని తినే భోజనం 'బైకింగు', అంటే వైకింగ్. 1958లో టోక్యోలోని ఇంపీరియల్ హోటల్ స్కాండినేవియా తరహా భోజనశాల తెరిచి దానికి ఆ పేరు పెడితే దేశమంతా పాకింది. వీటిని ఇంగ్లీషే అనుకుని అమెరికావాళ్ల దగ్గర వాడితే ఏమవుతుందో ఊహించుకోండి. 'ఈ గదిలో కన్సెంట్ ఎక్కడుంది' అని ఒక పెద్దమనిషి అతిథిని అడగడం నేను స్వయంగా విన్నాను. ఇంగ్లీషులో కన్సెంట్ అంటే సమ్మతి, అతిథి ముఖం చూడాల్సింది!

ఇక జాతీయాలు. మా విభాగాధిపతికి బేస్‌బాల్ అంటే ప్రాణం. వేసవిలో కోషియెన్ మైదానంలో ఉన్నత పాఠశాలల పోటీలు జరిగే రోజుల్లో ఆయన ఫోనులో స్కోరు ఒక మూల మెరుస్తూనే ఉంటుంది. అలాంటి మనిషిని ఒక అమెరికా కొనుగోలుదారు ఫోనులో 'బాల్‌పార్క్ ఫిగర్ చెప్పండి చాలు' అన్నాడు. బాల్‌పార్క్ అంటే బేస్‌బాల్ మైదానమని ఆయనకు తెలుసు. ఇంజనీరు కాబట్టి ఫిగర్ అంటే రేఖాచిత్రం. పైగా జపనీస్‌లో 'ఫిగ్యుఅ' అంటే అలమరలో పెట్టుకునే బొమ్మ, లేదంటే మంచు మీద చేసే స్కేటింగు. మైదానం పటం దేనికి, బొమ్మ దేనికి? ఆయన రెండు క్షణాలు ఆగి, చాలా మర్యాదగా, 'ఏ మైదానం?' అని అడిగారు. అవతలివాడు నవ్వేశాడు. అతను అడిగింది సుమారు ధర మాత్రమే. నాకు బేస్‌బాల్ ఓనమాలు కూడా తెలియవు, అయినా అర్థమైంది. ఆటంతా తెలిసిన ఆయనకు అర్థం కాలేదు. ఆటను తెచ్చుకున్నప్పుడు జపాన్ దాని మాటల్ని తనకు అనువుగా మార్చుకుంది. బంతి ఆటగాడికి తగిలితే 'దెద్దొబోరు', రాత్రి ఆట 'నయితా'. ఆట చుట్టూ అమెరికాలో అల్లుకున్న పలుకుబడులు మాత్రం ఓడ ఎక్కలేదు.

అయినా చెప్పకపోతే నమ్మరు, కొన్ని ఎక్కాయి. ఒకే రాయికి రెండు పిట్టలు అనే ఇంగ్లీషు సామెత జపనీస్‌లో 'ఇస్సెకి నిచో' అయి నాలుగే అక్షరాల్లో కుదురుకుంది. చూడటానికి ప్రాచీన చైనా సూక్తిలా ఉంటుంది, అది ఇంగ్లీషు నుంచి వచ్చిందంటే మా వాళ్లు చాలామంది ఒప్పుకోలేదు. పందుల ముందు ముత్యాలు, కళ్ల నుంచి పొలుసులు రాలడం బైబిల్లోవి, అవీ ఇప్పుడు అచ్చ జపనీస్ మాటల్లాగే చలామణీ అవుతున్నాయి. కాబట్టి జాతీయాలు వాళ్ల బుర్రకు ఎక్కవన్న మాట అబద్ధం. చదువులో భాగంగా మెల్లగా వచ్చినవి ఇమిడిపోయాయి. ఫోనులో ఎవరో విసిరినవి నిలవలేదు.

వాళ్ల జాతీయాలను వాళ్లు ఇంగ్లీషులోకి మక్కికి మక్కి దించితే ఏమవుతుందన్నది నాకు మరీ ఇష్టమైన విషయం. ఒక సహోద్యోగిని ఏదో రహస్యం బయటపెట్టేసి, 'నా నోరు జారింది' అని ఇంగ్లీషులో రాసింది. ఇంగ్లీషులో జారేది నాలుక కాబట్టి అమెరికా మిత్రుడికి అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. నాకు పట్టలేదు. వాళ్ల 'కుచి గ సుబెరు' అచ్చంగా మన నోరు జారడమే. బావిలో కప్ప అంటే నాకు విడమరిచి చెప్పాల్సిన పని లేదు, కూపస్థ మండూకం మనకూ ఉంది. పని ముంచుకొచ్చినప్పుడు 'పిల్లి చెయ్యయినా అప్పు తీసుకోవాలనుంది' అంటారు. అది మన దగ్గర లేదు కానీ, విన్నాక వదులుకోబుద్ధి కాలేదు. ఇలాంటి వాక్యం కనిపిస్తే తప్పని కొట్టేయను. అవతల ఉన్నది ఎవరో చూసుకుని వాడమంటాను.

నా అసలు ఫిర్యాదు ఇప్పుడు. మీ వ్యాసం పక్కన ఒక పెట్టె కట్టి, జపాన్ సంస్థల ఇంటర్వ్యూల్లో ఆకట్టుకోవడానికి వాడమని కొన్ని ఇంగ్లీషు జాతీయాలు ఇచ్చారు. 'బైట్ ద బులెట్' (కష్టాన్ని పళ్ల బిగువున ఓర్చుకోవడం), 'హిట్ ద గ్రౌండ్ రన్నింగ్' (వచ్చీ రాగానే పనిలోకి దూకడం) వగైరా. దయచేసి ఈ సలహా ఇవ్వకండి. ఎదురుగా కూర్చున్న వ్యక్తి ఆ మాటలు అర్థం కాక, అడగడానికి మొహమాటపడి, తల ఊపి ఊరుకుంటారు. ఇక్కడ తల ఊపితే ఒప్పుకున్నట్టు కాదు, వింటున్నానని మాత్రమే. అభ్యర్థి మాత్రం అదరగొట్టానని సంబరపడుతూ బయటికి వస్తాడు. మా కార్యాలయంలో ఈ తంతు చూసి చూసి విసిగిపోయాను. మనవాళ్లూ తక్కువ తినలేదు. 'అవసరమైనది చేయండి' అనడానికి 'డూ ద నీడ్‌ఫుల్' అని రాస్తే అమెరికావాడు చిరునవ్వు నవ్వుకుంటాడు, జపనీయుడు నిఘంటువు తీస్తాడు. ఇద్దరికీ పరాయిదైన భాషలో మాట్లాడుకుంటున్నప్పుడు అర్థమయ్యే బాధ్యత వినేవాడి నెత్తిన మాత్రమే పెట్టడం న్యాయం కాదు.

మా విభాగంలో నేను పట్టుబట్టి ఒక పద్ధతి పెట్టించాను. సమావేశంలో ఎవరైనా జాతీయం వాడితే, వాళ్లే లేచి బోర్డు మీద దాన్నీ, పక్కనే సాదా మాటల్లో దాని అర్థాన్నీ రాయాలి. ఫోనులో ఉన్న కొనుగోలుదారు అయితే చాట్‌లో రాయాలి. మొదట్లో అమెరికావాళ్లు ఇదేదో సరదా అనుకున్నారు. సగం వాక్యానికి ఒకసారి ఆగి రాయాల్సి వచ్చేసరికి తమ భాషలో ఎన్ని ఉన్నాయో వాళ్లకే తెలిసొచ్చింది. బాల్‌పార్క్ అడిగిన పెద్దమనిషి ఇప్పుడు 'సుమారు ధర' అనే అడుగుతున్నాడు. మా విభాగాధిపతి మాత్రం ఆ మాటను నేర్చుకుని, అవసరం ఉన్నా లేకపోయినా వాడుతున్నారు. ఆయన్ను ఆపడం నా వల్ల కాదు.

చివరగా వ్యాసంలోని రెండు విషయాలకు సవరణ. జపాన్ సంస్థలు ఇంగ్లీషును దగ్గరికి రానివ్వవని రాశారు. ఆన్‌లైన్ వ్యాపార సంస్థ రకుటెన్ 2010లోనే ఇంగ్లీషును సంస్థ అధికార భాషగా ప్రకటించి, 2012 నుంచి పూర్తిగా అమల్లో పెట్టింది. ఉద్యోగాల్లో ఇంగ్లీషు స్థాయిని కొలిచే టోయిక్‌ను జపాన్ ప్రభుత్వ పరీక్ష అన్నారు. అది జపాన్ కోరిక మీదే 1979లో మొదలైన మాట నిజం, కానీ తయారుచేసింది అమెరికాలోని ఎడ్యుకేషనల్ టెస్టింగ్ సర్వీస్. సంస్థలు సాధారణంగా అడిగేది అందులో వినడం, చదవడం పరీక్షించే భాగాన్ని. రెండు గంటల్లో 200 ప్రశ్నలు, మొత్తం 990 మార్కులు, జవాబు పత్రంలో గుండ్రాలు నింపితే సరి, ఎవరూ నోరు తెరవనక్కర్లేదు. మాట్లాడటాన్ని పరీక్షించే భాగం విడిగా ఉంది. మా దగ్గర పదోన్నతి ఇచ్చేటప్పుడు దాని మార్కులు ఎవరూ అడగరు.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
కవాసాకి, జపాన్