చేరమంటావా అని అడిగావు కదా

ఒరేయ్ మిత్రమా,

నీ ఉత్తరం అందింది. విద్య, సామాజిక న్యాయం అనే పీజీ కోర్సులో చేరాలా వద్దా అని అంత మథనపడి, చివర్లో "ఒక్క మాటలో చెప్పు" అంటావా! సరే, చేరు. అయితే నువ్వు రాసిన కారణంతో మాత్రం చేరకు. అన్యాయం ఎక్కడుందో నీకు తెలుసనీ, దాన్ని సరిదిద్దే పద్ధతులు అక్కడ నేర్పుతారనీ అనుకుంటున్నావు. అక్కడ ముందుగా కదిలిపోయేది ఆ తెలుసన్న ధీమానే.

బడులకు సమానంగా వసతులిస్తే పిల్లల చదువులూ సమానమవుతాయని మనం ఎంత గట్టిగా వాదించేవాళ్లం! 1966లో అమెరికాలో సామాజిక శాస్త్రవేత్త జేమ్స్ కోల్‌మన్ బృందం లక్షల మంది విద్యార్థులను పరిశీలించి, మార్కుల్లో తేడాలకు బడి వసతుల కన్నా కుటుంబ నేపథ్యంతోనూ తోటి పిల్లల నేపథ్యంతోనూ ఎక్కువ సంబంధం ఉందని చెప్పింది. దాన్ని పట్టుకుని, అలాంటప్పుడు బడుల మీద ఖర్చెందుకన్నవాళ్లున్నారు. నల్లజాతి, తెల్లజాతి పిల్లలను వేరువేరు బడుల్లో ఉంచకూడదనడానికి ఇదే సాక్ష్యమన్నవాళ్లూ ఉన్నారు. నివేదిక ఒక్కటే, తీర్పులు రెండు. అందుకే చెబుతున్నాను, గణాంకాల పేపరు తప్పించుకోవాలని చూడకు. న్యాయం గురించి చదివేవాళ్లకు అంకెలెందుకని పెదవి విరిచేవాళ్లు అక్కడ చాలామంది తగులుతారు. వాళ్ల మాట వినకు.

ఇక ఫ్రెంచ్ సామాజిక శాస్త్రవేత్త బోర్డ్యూ. ఆయన వాక్యాలు ఓ పట్టాన కొరుకుడు పడవు, తిట్టుకుంటూనే చదువు. ఇంట్లో ఊరికే అబ్బిన భాషనూ అభిరుచులనూ బడి ప్రతిభగా లెక్కగట్టి మార్కులు వేస్తుందంటాడు. మంచి మార్కులతో పెరిగిన మనలాంటివాళ్లకు అది చదివాక కాసేపు ఏమీ తోచదు.

నన్ను ఎక్కువగా వెంటాడింది మాత్రం బ్రిటిష్ సామాజిక శాస్త్రవేత్త పాల్ విల్లిస్. 1977లో వచ్చిన ఆయన అధ్యయనం ఇంగ్లండ్‌లోని ఒక పారిశ్రామిక పట్టణంలో, కార్మిక కుటుంబాల కుర్రాళ్ల గురించి. వాళ్లు బడిని ఎగతాళి చేస్తారు, మాస్టర్లను లెక్కచేయరు. చదివితే అందరూ పైకొస్తారన్న మాట తమలాంటివాళ్ల విషయంలో చాలావరకు బూటకమని వాళ్లు పసిగట్టారు. ఆ తెలివే, ఆ తిరుగుబాటే వాళ్లను నేరుగా తండ్రులు చేసే కూలి పనుల్లోకి నడిపించింది. ఇందులో దోషం ఎవరిదో చెప్పు చూద్దాం! మా తరగతిలో దీనిమీద పెద్ద గొడవే అయింది. ఆ పట్టణపు ఆడపిల్లలు ఈ కథలో ఎక్కడని ఒకావిడ నిలదీసింది. స్త్రీవాదులు అప్పట్లోనే వేసిన ప్రశ్న అది.

నీ ఆరాధ్యుడు, విద్యావేత్త పావ్లో ఫ్రేరేనూ చదువుతావులే. 1963లో బ్రెజిల్‌లోని అంజికోస్‌లో కూలీలకు అక్షరాలు నేర్పాడు, మరుసటి ఏడాది సైనిక కుట్ర జరగగానే జైలుపాలయ్యాడు, ఆపై ప్రవాసం. ఇంతవరకు నీకు తెలిసిందే. అదే మనిషి 1989లో సావో పాలో నగర విద్యాశాఖ బాధ్యతలు తీసుకున్నాడన్న సంగతి మాత్రం ఎవరూ పెద్దగా చెప్పుకోరు. నాకైతే ఆ ఫైళ్ల కాలమే ఆసక్తికరం.

తరగతి గదిలోనూ అన్యాయం తప్పదు, ముందే చెబుతున్నాను. సమానత్వం మీద జరిగే చర్చలో వాగ్ధాటి ఉన్న ఇద్దరు ముగ్గురే మాట్లాడతారు, మిగతావాళ్లు నోట్సు రాసుకుంటారు. సంభాషణ అన్నంత మాత్రాన గదిలో అధికారం మాయం కాదని విద్యా పరిశోధకురాలు ఎలిజబెత్ ఎల్స్‌వర్త్ 1989లోనే రాసింది. మా వాగుడుకాయలకు ఆ వ్యాసం ఎవరైనా చదివి వినిపిస్తే బాగుండును.

దరఖాస్తుతో పెట్టే ఉద్దేశ పత్రంలో "గొంతులేనివారికి గొంతునిస్తాను" అని రాశావు చూడు, ముందు ఆ వాక్యం కొట్టెయ్. వాళ్లకు గొంతు ఉంది, వినేవాళ్లే కరవు. దాని బదులు బడిలో నువ్వు చూసి, జవాబు దొరకని సంగతి ఒకటి రాయి. క్షేత్ర పరిశోధన ఎన్ని నెలలుంటుందో, సిద్ధాంత వ్యాసానికి పర్యవేక్షకుణ్ని ఎంచుకునే వీలుందో లేదో కూడా వాళ్లను అడుగు. మొహమాటపడకు.

పత్రం తిరగరాసి పంపు. ఎర్ర సిరా పెన్ను సిద్ధంగా ఉంచుతాను.

నీ
పాత బెంచీ మిత్రుడు