నీ పర్సులో పెట్టిన కార్డు గురించి

పెరంబూరు, చెన్నై
ఆదివారం రాత్రి

చిన్నా,

పర్సులో లామినేషన్ చేయించి పెట్టిన కార్డు చూశావా? ఎర్ర అక్షరాలతో ‘జి6పిడి లోపం’ అని ఉంటుంది. నీ ఎర్రరక్తకణాలను కాపాడే ఒక ఎంజైమ్ పుట్టుకతోనే సరిగ్గా లేదని దాని అర్థం. నిన్ను కోరమండల్ రైలు ఎక్కించేటప్పుడే చెబుదామనుకున్నాను. మీ నాన్న నీళ్ళ సీసాలు, పులిహోర పొట్లాల హడావుడిలో కుదరలేదు. ఫోన్‌లో చెబితే ‘సరేలే అమ్మా’ అనేస్తావు. అందుకే ఉత్తరం.

నాలుగో తరగతిలో నీకు మలేరియా వచ్చింది గుర్తుందా? అప్పట్లో మన మేడ మీది ట్యాంకుకి మూత సరిగ్గా ఉండేది కాదు. ఇక్కడి మలేరియా దోమ అలాంటి మంచినీళ్ళ ట్యాంకుల్లోనూ బావుల్లోనూ గుడ్లు పెడుతుంది. పరీక్షలో వైవాక్స్ అని తేలింది. ఆ రకం క్రిమి కాలేయంలో దాక్కుని నెలల తర్వాత మళ్ళీ లేస్తుంది కాబట్టి పద్నాలుగు రోజులు ప్రైమాక్విన్ మాత్రలు వెయ్యమన్నారు. వేసే ముందు చేయించాల్సిన రక్తపరీక్ష ఒకటుందని రాసిన డాక్టరు చెప్పలేదు, నాకు తెలియదు. మూడో రోజు పొద్దున బాత్‌రూమ్‌లోంచి ‘అమ్మా, ఇలా వస్తోందేంటి?’ అని పిలిచావు. వచ్చి చూస్తే తెల్లటి బేసిన్‌లో నీ మూత్రం, ఫిల్టర్‌లోంచి అప్పుడే దిగిన డికాషన్ రంగులో ఉంది. నీ కళ్ళు పసుపు. పెదాలు కాగితంలా పాలిపోయాయి. సాయంత్రానికి హిమోగ్లోబిన్ 6. ఒక బాటిల్ రక్తం ఎక్కించారు. ఆ రాత్రంతా నీ గోళ్ళు ఎర్రబడతాయా అని చూస్తూ కూర్చున్నాను.

మర్నాడు జి6పిడి పరీక్ష చేస్తే ‘నార్మల్’ అని వచ్చింది. నేను ఊపిరి పీల్చుకున్నాను. కానీ ఒక డాక్టరమ్మ ఆ కాగితాన్ని నమ్మలేదు. ‘మూడు నెలలయ్యాక మళ్ళీ తీసుకురండమ్మా’ అంది. మూడు నెలల తర్వాత అదే పరీక్షలో లోపం బయటపడింది. ముందెందుకు పడలేదో ఆవిడ చెప్పాకే నాకు అసలు సంగతి అర్థమైంది.

నా పని నీకు తెలుసుగా. ఆండర్సన్ వీధిలో తెలుగు శుభలేఖల ప్రూఫులు దిద్ది పాతికేళ్ళు. ‘వివాహం’లో ఒక్క ‘హ’ పోయి ‘ద’ పడితే ‘వివాదం’ అవుతుంది. జన్యువూ అలాంటి రాతే, నాలుగే అక్షరాలతో రాసింది. మూడేసి అక్షరాలకు ఒక అమైనో ఆమ్లం చొప్పున కణం వాటిని గొలుసుగా గుచ్చుతుంది. గొలుసు తనంతట తాను ముడుచుకుని ఒక ఆకారం తెచ్చుకుంటే అదే ప్రోటీన్. ఆ ఆకారమే దాని పనితనం. జి6పిడి అనే ఎంజైమ్ 515 అమైనో ఆమ్లాల గొలుసు. నీ జన్యువులో 563వ అక్షరం ‘సి’ ఉండాల్సిన చోట ‘టి’ ఉంది. దాంతో 188వ పూస సెరిన్ కాకుండా ఫినైల్ అలనిన్ అయింది. అంతే తేడా. దీన్ని మెడిటరేనియన్ రకం అంటారు, మన దేశంలోనూ బాగానే కనిపిస్తుంది. గొలుసు తయారవుతుంది, పని కూడా మొదలుపెడుతుంది, కానీ నిలబడదు. త్వరగా చెడిపోతుంది.

మిగతా కణాలకు అదంత కష్టం కాదు, పాతది చెడితే కొత్తది చేసుకుంటాయి. ఎర్రకణం దారి వేరు. ఆక్సిజన్ మొయ్యడానికి చోటు కావాలని అది పుట్టేటప్పుడే జన్యువులుండే తన కేంద్రకాన్ని వదిలేస్తుంది. అంటే పుస్తకమే పారేసుకుంది. పుట్టేనాటికి ఉన్న ప్రోటీన్లతోనే 120 రోజులు నెట్టుకురావాలి. రోజంతా ఆక్సిజన్‌తో ఉండే కణం కాబట్టి లోపల తుప్పులాంటిది పడుతూనే ఉంటుంది. దాన్ని కడిగే గ్లూటాథయోన్ అనే పదార్థాన్ని మళ్ళీ మళ్ళీ పనికి సిద్ధం చెయ్యాలంటే ఎన్‌ఏడిపిహెచ్ అనే ఇంకో పదార్థం కావాలి, ఎర్రకణంలో దాన్ని అందించే దారి ఈ ఎంజైమ్‌తోనే మొదలవుతుంది. మామూలు రోజుల్లో నీకున్న కాస్తతోనే సరిపోతుంది. ప్రైమాక్విన్ లాంటి మందు ఆ తుప్పును ఒక్కసారిగా పెంచేస్తే ముసలి కణాలు ముందు పగిలిపోతాయి. పగలగా మిగిలినవీ, మజ్జలోంచి కొత్తగా వచ్చినవీ పడుచు కణాలు, వాటిలో ఎంజైమ్ ఇంకా ఉంటుంది. దానికితోడు ఎక్కించిన రక్తం ఎవరిదో. అందుకే ఆ ‘నార్మల్’. ఈ మాట బాగా గుర్తుపెట్టుకో, రేపు ఎవరైనా జబ్బు మధ్యలో పరీక్ష చేసి ఏమీ లేదంటే నమ్మకు. కార్డు చూపించు.

ఇంకొకటి చెప్పాలి. ఇది నీకు ఇచ్చింది నేనే.

ఈ జన్యువు ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంది. మగపిల్లాడికి ఎక్స్ తల్లి నుంచే వస్తుంది, మీ నాన్న ఇచ్చింది వై. రిపోర్టు వచ్చిన రోజు మీ నాయనమ్మ ‘మా వైపు ఇలాంటివి లేవు’ అంది. నిజమే, లేవు. మీ మామయ్యకు పుట్టగానే పచ్చకామెర్లు ముదిరి వారం ఆస్పత్రిలో ఉంచారట. నీ తర్వాత వాడికీ పరీక్ష చేయిస్తే ఇదే. అంటే మా అమ్మ నుంచి మా ఇద్దరికీ, నా నుంచి నీకు. చాలా రోజులు వంటింట్లో ఒంటరిగా ఏడ్చాను. తర్వాత తెలిసింది, ఆడవాళ్ళ ఒంట్లో ప్రతి కణం తన రెండు ఎక్స్‌లలో ఒకదాన్ని నిద్రపుచ్చుతుందట. 1961లో మేరీ లయన్ అనే శాస్త్రవేత్త ఎలుకల్లో చూసి చెప్పింది. మరుసటి ఏడాదే బ్యూట్లర్ అనే ఆయన సరిగ్గా ఈ జి6పిడి ఆధారంగానే మనుషుల్లో చూపించాడు. అంటే నా రక్తంలో రెండు రకాల ఎర్రకణాలూ పక్కపక్కనే తిరుగుతున్నాయి. నీలాంటివి కొన్ని, లోపం లేనివి కొన్ని. అది తెలిశాక ఎందుకో మనసు కుదుటపడింది.

ప్రపంచంలో 40 కోట్ల మందికి ఈ లోపం ఉందంటారు. మలేరియా ఎక్కువగా ఉన్న నేలల్లోనే ఎక్కువ. ఇలాంటి ఎర్రకణంలో క్రిమి హాయిగా పెరగలేదు కాబట్టి, ఆ రోజుల్లో ఈ అక్షరం మారినవాళ్ళు కొంత ఎక్కువగా బతికి బట్టకట్టారని పరిశోధకులు అంటారు. దోమ కడుపులో మలేరియా క్రిమిని రోనాల్డ్ రాస్ అనే డాక్టరు 1897లో చూసింది మన సికింద్రాబాదులోనేగా. అంతకు ముందు వేల ఏళ్ళు జనానికి మందూ మాకూ ఏదీ? ప్రూఫు దిద్దేదాన్ని కాబట్టి చెబుతున్నాను, నేనైతే ఆ ‘టి’ని కొట్టేసి ‘సి’ వేసేదాన్ని. కొట్టేసి ఉంటే మన వంశం ఇక్కడిదాకా వచ్చేదో లేదో.

అలాగని నీకు మలేరియా రాదనుకోకు, ఒకసారి వచ్చింది కదా. నువ్వు వెళ్ళింది ఒడిశా గనుల్లోకి. దోమతెర కట్టుకో. జ్వరం వస్తే మొదటి మాట జి6పిడి అని చెప్పు. ప్రైమాక్విన్, కుష్టుకి ఇచ్చే డాప్సోన్, మూత్రంలో ఇన్ఫెక్షన్‌కి రాసే నైట్రోఫ్యురాంటోయిన్, ఇవి సొంతంగా కొని మింగొద్దు. వైవాక్స్ వస్తే నీలాంటివాళ్ళకు వేరే పద్ధతి ఉంది, అది డాక్టరు దగ్గరుండి చూసుకోవాలి. ఉత్తరాదివాళ్ళు బాక్లా అనే ఫావా బీన్స్ తినకు, మన చిక్కుడు వేరు, అది నువ్వు ఇన్నేళ్ళుగా తింటూనే ఉన్నావు.

పెళ్ళయ్యాక ఇది కూడా చెప్పుకోవాలి. నీ కొడుకులకు నీ నుంచి ఇది రాదు. నీ కూతుళ్ళందరికీ వస్తుంది, నాలాగా. వాళ్ళ మగపిల్లలకు పుట్టగానే పరీక్ష చేయించాలి, పసికందుకి ముచ్చటపడి గోరింటాకు పెట్టకూడదు. అప్పటికి నేనుంటే నేనే చెబుతాను.

నీ ట్రంకుపెట్టెలో ఎప్పటిలా కలరా ఉండలు వెయ్యలేదు, అవీ నీకు పడవు. ఎండబెట్టిన వేపాకు మూటగట్టి స్వెట్టర్ల కింద పెట్టాను. ఆకు పొడి రాలుతుంది, దులిపి తొడుక్కో.

అమ్మ