కరెన్‌ల కోరిక కూడా రాయండి

సంపాదకులకు నమస్కారం.

మయన్మార్‌పై మీ పత్రికలో వస్తున్న వార్తల్లో కాల్పులు, వైమానిక దాడులు, శరణార్థుల లెక్కలు ఉంటున్నాయి. అక్కడి తూర్పు సరిహద్దుల్లో ఉండే కరెన్ జాతి ప్రజల పార్టీ కరెన్ నేషనల్ యూనియన్ అసలు ఏమి కోరుతోందో మాత్రం కనబడదు. అది వట్టి తుపాకుల గుంపు కాదు, 1947లో పుట్టిన రాజకీయ పార్టీ. కరెన్ నేషనల్ లిబరేషన్ ఆర్మీ దాని సాయుధ విభాగం. 1949 జనవరిలో పోరు మొదలైనప్పుడు ప్రత్యేక దేశమే లక్ష్యం. 1976 నుంచి అడుగుతున్నది ఫెడరల్ వ్యవస్థను, అంటే దేశంలోనే ఉంటూ రాష్ట్రాలకు సొంత అధికారాలుండే ఏర్పాటును. తన ఏడు జిల్లాల్లో ఆ పార్టీ బడులు నడుపుతుంది, పన్ను వసూలు చేస్తుంది, రైతులకు పొలం పట్టాలూ ఇస్తుంది. ఫెడరలిజం వస్తే ఆ పట్టా రాజధాని నేపిడోలోని కేంద్ర ప్రభుత్వం దగ్గర కూడా చెల్లాలన్నదే అక్కడి రైతుకు అసలు సంగతి.

ఆ పార్టీని నెత్తిన పెట్టుకోమనడం లేదు. క్రైస్తవ నాయకత్వం తమను చిన్నచూపు చూస్తోందని దాని బౌద్ధ సైనికులు కొందరు 1994 చివర్లో విడిపోయారు. వారి సాయంతోనే మరుసటి నెలలో మయన్మార్ సైన్యం ఆ పార్టీ ప్రధాన స్థావరం మానెర్‌ప్లాను పట్టుకుంది. కరెన్‌లలో ఎక్కువమంది బౌద్ధులే కాబట్టి, ఇది చాలావరకు స్వయంకృతం. 2015లో ఆ పార్టీ ప్రభుత్వంతో కాల్పుల విరమణ ఒప్పందంపై సంతకం కూడా చేసింది. 2021 ఫిబ్రవరిలో సైన్యం అధికారం లాక్కోవడంతో ఆ కాగితం చెత్తబుట్టలో పడ్డట్టే.

ఈ దేశం మనకు పరాయిది కాదు: అప్పటి బర్మా రంగూన్‌లో చెమటోడ్చిన పూర్వీకుల కుటుంబాలు ఉత్తరాంధ్రలో ఇంకా ఉన్నాయి. ఒక ఆదివారం సంచికలో కరెన్‌లతోపాటు అక్కడి కచిన్, చిన్ జాతుల పార్టీల డిమాండ్లపై కూడా పూర్తి పేజీ ఇవ్వండి. పటం కూడా వేయించండి.

– ఒక పాఠకుడు, శ్రీకాకుళం