మెంబర్‌షిప్ కట్టినవాళ్లకీ కట్టనివాళ్లకీ మన లక్కపిడతలు, పెద్ద బొమ్మలు ఒకటే ధర

నమస్తే అండీ. ఈమధ్య మా ఫోనుకి వచ్చే మెసేజీల్లో సగానికి సగం ఒకటే ప్రశ్న: "మేం ఏడాది మెంబర్‌షిప్ కట్టాం కదా, మీ బొమ్మలకి ఫ్రీ డెలివరీ ఎందుకు చూపించట్లేదు?" కొందరు కాస్త కోపంగానే అడిగారు. ఒక్కొక్కరికీ విడిగా జవాబు రాస్తుంటే మాట సగం సగంగా చేరుతోంది. అందుకని అందరికీ కలిపి ఒకేసారి రాస్తున్నాను. కొంచెం పొడుగే. లెక్కలు కూడా ఉంటాయి, ఓపిక పట్టండి.

మన ఏటికొప్పాక బొమ్మలు వైజాగ్ అక్కయ్యపాలెం షాపులోనే కాకుండా ఆన్‌లైన్‌లోనూ దొరుకుతాయని మీకు తెలుసు. ఆన్‌లైన్ అమ్మకాల్లో ఎక్కువ భాగం ఒక మార్కెట్‌ప్లేస్ మీదే జరుగుతుంది. దాని పేరు రాయను. ఇప్పటికీ అక్కడ అమ్ముతున్నాం, రేపు కూడా అమ్మాలి కదా. వాళ్లు ఈమధ్య కొనేవాళ్ల కోసం డబ్బు కట్టే సభ్యత్వం ఒకటి మొదలుపెట్టారు. ఏడాదికి ఇంత అని ఒకసారి కడితే డెలివరీ చార్జీలుండవు, కొన్ని వస్తువులు మెంబర్ ధరకి వస్తాయి, సేల్ పెట్టినప్పుడు అందరికన్నా ముందు కొనుక్కోవచ్చు. మీకు చెప్పింది ఇంతవరకే. అమ్మేవాళ్లకి వచ్చిన మెయిల్లో దీని కింద ఇంకో రెండు షరతులున్నాయి. వస్తువు మీద మెంబర్ గుర్తు పడాలంటే డెలివరీ ఖర్చు మేమే పెట్టుకోవాలి. మెంబర్లకి ధరలో అయిదు శాతం తగ్గించాలి. ఇష్టం లేకపోతే చేరక్కర్లేదట. చేరకపోతే వెతుకులాటలో వస్తువు కిందకి పోతుందని ఎక్కడా రాయలేదు గానీ, పోతోంది. మా లక్కపిడతలు మొదటి పేజీలో కనబడి చాలా రోజులైంది.

ఇక్కడే ఒక మాట స్పష్టంగా చెప్పేస్తాను. మీరు కట్టే సభ్యత్వం డబ్బులో ఒక్క రూపాయి కూడా మాకు రాదు. "మేం కట్టిందాంట్లోంచి మీకు డెలివరీ డబ్బు ఇస్తారు కదండీ" అని ఒకావిడ చాలా మర్యాదగానే అడిగారు. ఇవ్వరండీ. కొన్ని కంపెనీలు కొన్నిచోట్ల ఇస్తాయేమో, మాకు వచ్చిన షరతుల్లో మాత్రం లేదు.

ఈ పద్ధతి కొత్తదేం కాదు. అమెజాన్ అమెరికాలో ప్రైమ్ అనే సభ్యత్వం మొదలుపెట్టింది 2005లో, అప్పుడు ఏడాదికి 79 డాలర్లు. మన దేశానికి 2016 జూలైలో 499 రూపాయలతో వచ్చింది. తర్వాత 999 అయింది, 2021 డిసెంబరు నుంచి 1,499. సొంత గోదాములు, సొంత వ్యాన్లు ఉన్న కంపెనీ అలా నడపగలదు. చేత్తో చేసిన వస్తువులు అమ్మే వేదికల మీదకి అదే పద్ధతి వచ్చేసరికే అసలు పేచీ. అమెరికాలో ఎట్సీ అనే అలాంటి వేదిక మీద అమ్మేవాళ్లు దీన్ని మాకంటే ముందే చూశారు. 2019లో అక్కడ 35 డాలర్లు దాటిన ఆర్డర్లకి డెలివరీ ఉచితంగా ఇచ్చే షాపులకే వెతుకులాటలో ముందు చోటు అన్నారు. 2022 ఏప్రిల్‌లో కమిషన్‌ని 5 శాతం నుంచి 6.5కి పెంచితే చాలామంది వారం రోజులపాటు దుకాణాలు మూసి సమ్మె చేశారు. 2024లో ఇన్‌సైడర్ అని కొనేవాళ్లకి డబ్బు కట్టే సభ్యత్వం పరీక్షగా పెట్టారు. ఇంత చూసినవాళ్లు ఆ ఉచిత డెలివరీ మాట వినగానే ఖర్చు చివరికి ఎవరి మీద పడుతుందని అడగడంలో వింత ఏముంది?

ఇప్పుడు మన లెక్క. ఉదాహరణకి మీడియం సైజు లక్కపిడతల సెట్టు తీసుకుందాం. ధర 600. అందులో 300 ఏటికొప్పాకలో చేసినవాళ్లకి వెళ్తుంది. ఆ డబ్బులో కోత వేసే ఉద్దేశం నాకు లేదు, దాని గురించి బేరం కూడా వద్దు. అట్టపెట్టె, బబుల్ షీట్, టేపు కలిపి 40. మార్కెట్‌ప్లేస్ కమిషన్, వాళ్ల ఫిక్స్‌డ్ ఫీజు కలిపి 105. వాళ్ల ఫీజుల మీద పడే జీఎస్టీ, వాళ్లు ముందే పట్టుకునే పన్నులు టీసీఎస్, టీడీఎస్ తర్వాత సర్దుబాటయ్యేవి కాబట్టి వాటిని పక్కన పెట్టండి. మిగిలేది 155. షాపు అద్దె, ప్యాకింగ్ చేసే అమ్మాయి జీతం, ఏటికొప్పాక నుంచి సరుకు తెచ్చే ఆటో, దారిలో విరిగినవి, అన్నీ అందులోంచే. డెలివరీకి మీరు విడిగా 80 ఇస్తున్నారు. అంటే ఇప్పుడు మీ జేబులోంచి పోయేది మొత్తం 680.

మెంబర్ గుర్తు పెట్టామనుకోండి. ఆ 80 మా మీద పడుతుంది, 155 కాస్తా 75 అవుతుంది. అయిదు శాతం తగ్గింపు 30 తీసేస్తే 45. కమిషన్ మూడు నాలుగు రూపాయలు తగ్గుతుందనుకోండి, దానివల్ల ఒరిగేదేం లేదు. రంగు నచ్చలేదని ఒక సెట్టు వెనక్కి వస్తే పోనూ రానూ చార్జీలు, ప్యాకింగ్ కలిపి 200. నాలుగు సెట్ల మీద మిగిలింది మొత్తం దానికే చాలదు.

"అయితే ధర పెంచుకోండి, అందరూ చేసేది అదే" అని మార్కెట్‌ప్లేస్ తరఫున ఫోన్ చేసిన కుర్రాడే సలహా ఇచ్చాడు. అదీ వేసి చూశాం. పాత మిగులు నిలబడాలంటే 600 సెట్టుని 725 దగ్గర పెట్టాలి. అప్పుడు మెంబర్‌కి అయిదు శాతం పోగా పడేది 689. ఇప్పుడు ఏ సభ్యత్వమూ లేకుండా అదే సెట్టు 680కి ఇంటికి వస్తోంది! ఏడాది ఫీజు కట్టి, ఫ్రీ డెలివరీ తీసుకుని, తగ్గింపు కూడా తీసుకుని, తొమ్మిది రూపాయలు ఎక్కువ ఇస్తారన్నమాట. ఇక మెంబర్ కానివాళ్ల సంగతి చూడండి. 725, పైన డెలివరీ 80, మొత్తం 805. ఏడాదికోసారి మనవరాలికి లక్కపిడతలు కొనే పార్వతీపురం మామ్మగారు 125 రూపాయలు అదనంగా కట్టాలి. ఎవరి ఫ్రీ డెలివరీ కోసం?

నాకు మింగుడు పడనిది ఆ 805. మెంబర్‌షిప్ మీద నాకు కోపం లేదు. మా మిగులు కొంత తగ్గినా సర్దుకుంటాం. కట్టనివాళ్ల చేత కట్టినవాళ్ల ఖర్చు పెట్టించే ధర మాత్రం మా చేత్తో రాయలేను. మా తోడికోడలు, నేను దీని మీద గట్టిగానే వాదించుకున్నాం. ఆమెది వ్యాపారం బుర్ర, "అందరూ చేస్తున్నప్పుడు మనకే ఎందుకక్కా ఈ నీతి?" అంది. లెక్క కాగితం మీద పెట్టాక ఆమే ఒప్పుకుంది. నీతి సంగతెలా ఉన్నా 805కి ఎవరూ కొనరని ఆమె వాదన. సరే, ఏదో ఒక కారణానికి ఇద్దరం ఒకచోటికి వచ్చాం.

ఎద్దుబండి, రథం, పెద్ద ఏనుగు లాంటివాటికి ఇంకో చిక్కుంది. కొరియర్‌వాళ్లు బరువు కాటా మీదే చూడరు. పెట్టె పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో హెచ్చవేసి 5000తో భాగిస్తారు, వచ్చిన అంకె కాటా బరువు కంటే ఎక్కువైతే దానికే చార్జీ. మన ఎద్దుబండి పెట్టె 40, 30, 25. హెచ్చవేస్తే 30,000. భాగిస్తే 6 కిలోలు. బండి అసలు బరువు కిలో కూడా లేదు! అంకుడు కర్ర మెత్తన, తేలిక, అందుకే ఆ బొమ్మలు చేతికి అంత హాయిగా ఉంటాయి. కొరియర్‌వాడికి ఆ తేలికతో పనిలేదు, ఆరు కిలోలకే బిల్లు వేస్తాడు. అది మేం పెట్టుకుని మెంబర్లకి ఉచితంగా ఇవ్వాలంటే బండిని విడి ముక్కలుగా పంపి మీ చేత బిగింపించుకోవాలి. ఏటికొప్పాకలో ఈ మాట అంటే అక్కడి పెద్దాయన నవ్వాడు. "చిన్నది చెయ్యమంటే చేస్తాం గానీ, చక్రాలు ఊడదీసి పంపితే అది బండెలాగవుద్దమ్మా?" అన్నాడు.

సరుకు వాళ్ల గోదాములో పెడితే చార్జీ తగ్గుతుందని కూడా చెప్పారు. మాకు చూపించిన గోదాము తెలంగాణలో ఉంది. వేరే రాష్ట్రంలో సరుకు ఉంచి అమ్మాలంటే అక్కడ కూడా జీఎస్టీ రిజిస్ట్రేషన్ తీసుకోవాలి, దానికి విడిగా రిటర్నులు, ఆడిటర్‌గారికి ఇంకో ఫీజు. పైగా మా బొమ్మలు పసుపు, నీలిమందు, జాఫ్రా గింజల రంగులు కలిపిన లక్కతో చేసినవి. ఒక విడతలో పసుపు కాస్త ముదురుగా వస్తుంది, ఇంకో విడతలో లేతగా. ఇక్కడైతే పంపేముందు "ఈ రంగు పర్వాలేదా?" అని మీకు ఫోటో పెడతాం. గోదాములో ఆ మాట అడిగేవాళ్లెవరు?

విశాఖలో ఆన్‌లైన్ అమ్మేవాళ్లకి మాకో వాట్సాప్ గ్రూపుంది. అక్కడ అందరి అనుభవం మాలాగే లేదని కూడా చెప్పాలి. అరకు కాఫీ పొడి అమ్మే ఆయన మొదటి రోజే చేరాడు, సంతోషంగా ఉన్నాడు. కాఫీ పొడి నెలనెలా కావాలి, ప్యాకెట్ చిన్నది, వెనక్కి రాదు. అలాంటి సరుకుకి ఈ సభ్యత్వం అచ్చంగా సరిపోతుంది. పొందూరు ఖద్దరు చీరలు పెట్టే ఆవిడ చేరి రెండో నెలకే బయటికి వచ్చేసింది. డెలివరీ ఉచితం కాబట్టి మూడు తెప్పించుకుని రెండు తిప్పి పంపుతున్నారట. మాడుగుల హల్వా అబ్బాయి ఇంకా తేల్చుకోలేదు.

ఇక మా నిర్ణయం. కుంకుమ భరిణెలు, బొంగరాలు, చిన్న గిలకలు మెంబర్‌షిప్‌లో పెడుతున్నాం. ఇవి అరకిలో లోపు పెట్టెలో పడతాయి, ఖర్చు మేం భరించగలం, ధర పైసా పెంచట్లేదు. ఇవి ఎందుకు పెడుతున్నామంటే, మొత్తానికి గుర్తు లేకపోతే షాపే కనబడదు కాబట్టి. ఇందులో దాపరికం ఏం లేదు. లక్కపిడతలు, బళ్లు, దశావతారాల సెట్టు, కొలువు బొమ్మలు మాత్రం పాత ధరకే, డెలివరీ విడిగా. షాపుకి వచ్చి కొన్నా, ఫోన్ మీద చెప్పినా, మార్కెట్‌ప్లేస్‌లో కొన్నా వీటి ధర ఒకటే. దీనివల్ల ఈ సీజన్లో మాకు అమ్మకాలు తగ్గొచ్చు. తగ్గితే పెద్ద బొమ్మల ఆర్డర్లు ఏటికొప్పాకకి కాస్త తక్కువగా ఇవ్వాల్సి వస్తుంది. అక్కడ చెప్పేశాం, మీకూ చెబుతున్నాను.

సభ్యత్వం తీసుకోవాలా వద్దా అని అడిగినవాళ్లకి నా మాట: పప్పులు, సబ్బులు, పిల్లల డైపర్లు అన్నీ అక్కడే కొనేవాళ్లయితే తీసుకోండి, లాభమే. బొమ్మల కోసమైతే అక్కర్లేదు. తీసుకున్నాక మాత్రం ఆటోపే ఆన్‌లో ఉందో లేదో చూసుకోండి, ఉంటే ఏడాది తిరగ్గానే దానంతటదే డబ్బు పోతుంది. యూపీఐ అయితే ఆ యాప్‌లోనే ఆటోపే తీసెయ్యొచ్చు. రద్దు చేసే బటన్ దొరక్కుండా దాచేసే ఎత్తుల్ని మన వినియోగదారుల రక్షణ సంస్థ 2023 నవంబరు మార్గదర్శకాల్లో తప్పుగా పేర్కొంది, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చెయ్యొచ్చు. అమెరికాలో ప్రైమ్‌లో చేర్చుకునే తీరు, రద్దు చేసే తీరు మీదే కేసు నడిచి, 2025 సెప్టెంబరులో అమెజాన్ 250 కోట్ల డాలర్లకి ఒప్పందం చేసుకుంది.

సంక్రాంతి కొలువుకి పెద్ద సెట్లు కావాల్సినవాళ్లు డిసెంబరు నెలాఖరులోగా చెప్పండి. ఆ తర్వాత కొరియర్ నమ్మకం లేదు. వైజాగ్‌లో ఉన్నవాళ్లు షాపుకి వచ్చి పట్టుకెళితే ఆ ఎద్దుబండి కిలో బరువే ఉంటుంది, ఆరు కిలోల బిల్లు ఉండదు. మద్దిలపాలెం, సీతమ్మధార వైపు అయితే సాయంత్రం ఇంటికెళ్లేటప్పుడు మా మరిది బండి మీద ఇచ్చేస్తాడు. అది మెంబర్లకీ కానివాళ్లకీ ఉచితమే. మంగళవారం షాపు సెలవు.