కార్పెట్ వేసే ముందు కారు అడుగు చూపించండి

సంపాదకుల వారికి నమస్కారం.

పాత కార్లలో శబ్దం తగ్గించుకునే మార్గాల గురించి మీ వాహనాల పేజీలో ఇటీవల వచ్చిన వ్యాసం చదివాను. వయసు మీరిన కారును తుక్కుకు పంపకుండా బాగుచేయించి వాడుకోమన్న సలహా మెచ్చుకోదగినదే. అయితే లోపలి రేకునంతా సందు లేకుండా డ్యాంపింగ్ షీట్లతో (రేకు అదురును అణచడానికి అతికించే షీట్లతో) కప్పి, పైన కొత్త కార్పెట్ వేయిస్తే పని పూర్తయినట్లేనని అందులో రాశారు. ఆ మాట నమ్మినవారికి ఖర్చు ఎక్కువై ఫలితం తక్కువ కావడమే కాకుండా, కొన్ని కార్లలో అడుగు రేకు కంటికి కనబడకుండానే తుప్పు పట్టిపోయే ప్రమాదం ఉంది కనుక ఈ లేఖ రాస్తున్నాను.

డ్యాంపింగ్ షీటు శబ్దాన్ని ఆపే గోడ కాదు. ఇంజిన్ అదురుకు, రోడ్డు అదురుకు పల్చటి రేకు తానే కంపించి మోగుతుంది. ఆ కంపనానికి షీటులోని బ్యూటైల్ రబ్బరు పొర సాగి, నలిగి, దాన్ని కొద్దిపాటి వేడిగా మార్చివేస్తుంది. పైనున్న అల్యూమినియం పొర బిగబట్టి ఉంచడం వల్లనే రబ్బరు అంతగా నలుగుతుంది. మోగుతున్న కంచు పళ్లెం ఆగాలంటే పళ్లెమంతా అరచేతులతో కప్పనక్కర్లేదు, ఒకచోట వేలు ఆనిస్తే చాలు. అందుకే ఒక్కో రేకు పలక మధ్యభాగంలో నాలుగో వంతు మేర గట్టిగా అతికించినా మోత చాలావరకు అణుగుతుంది. మిగతా ముప్పాతిక మీద వేసే షీటుతో ముఖ్యంగా పెరిగేవి బరువూ, బిల్లూ. ఎక్కడ వేయాలో తెలుసుకోవడానికి పరికరాలేవీ అక్కర్లేదు. వేళ్ల కణుపులతో తట్టినప్పుడు డొల్లగా మోగే చోట వేయాలి, పొడిగా ‘టక్’మని ఆగిపోయే చోట వదిలేయాలి. తారుతో చేసిన చౌక షీట్ల జోలికి మాత్రం వెళ్లకపోవడమే మంచిది. ఎండలో నిలిపిన కారులో అవి మెత్తబడి వాసన కొడతాయి, తలుపుల్లో, పైకప్పులో అయితే కొన్నాళ్లకు జారి వేలాడతాయి.

గాలి ద్వారా లోపలికి వచ్చే శబ్దం వేరు, దానికి మందు వేరు. దాన్ని ఆపాలంటే బరువు కావాలి. చదరపు మీటరుకు సుమారు 5 కిలోలు తూగే వినైల్ పొరను, దాని కింద నీరు పీల్చని ఫోమును పరిచేది ఇందుకే. అడ్డుగోడ బరువును రెట్టింపు చేస్తే లెక్క ప్రకారం తగ్గేది 6 డెసిబెల్స్ మాత్రమే. చెవికి శబ్దం సగమైనట్లు తోచాలంటే దాదాపు 10 డెసిబెల్స్ తగ్గాలి. పైగా అడ్డుగోడ వైశాల్యంలో నూరో వంతు ఖాళీ ఉన్నా, అది ఎంత మందమైన గోడైనా మొత్తం మీద 20 డెసిబెల్స్‌కు మించి ఆపలేదు. కనుక గట్టిపడి, పగుళ్లిచ్చిన డోర్ బీడింగులను (తలుపుల అంచుల చుట్టూ ఉండే రబ్బరు పట్టీలను) మార్చకుండా, ఇంజిన్ గదికీ క్యాబిన్‌కూ మధ్య ఉన్న ఫైర్‌వాల్‌లో వైర్లు, కేబుళ్లు దూరే రంధ్రాలకు గ్రోమెట్లు అనే రబ్బరు వలయాలు వేయించకుండా నేల మీద ఎన్ని పొరలు పరిచినా ప్రయోజనం స్వల్పమే. అరిగిపోయిన వీల్ బేరింగు, చచ్చుబడిన ఇంజిన్ మౌంటింగు (ఇంజిన్‌ను మోసే రబ్బరు దిమ్మ), రాయిలా బిగిసిన టైర్లు చేసే చప్పుడును కార్పెట్ కింద దాచలేం.

వ్యాసంలో ప్రస్తావనకే రాని సంగతి నీరు. పాత కారులో కార్పెట్ తీసి చూస్తే కింద ఉన్న ఫెల్ట్ తడిగా ఉండడం చాలా మామూలు. పైన కార్పెట్ ఆరినట్లే ఉంటుంది, కింది పొర మాత్రం వారాల తరబడి చెమ్మను పట్టి ఉంచుతుంది. ఆ తడి ఎక్కడి నుంచి వచ్చిందో తేలకుండా కొత్త పొరలు వేయడమంటే తుప్పుకు తలుపులు మూసి కాపలా కాయడమే. ముందు సీటు కాళ్ల దగ్గరి తడిని వేలితో ముట్టుకుని చూడాలి. జిగటగా ఉండి తీపి వాసన వస్తే అది హీటర్ నుంచి కారిన కూలెంట్, అంటే ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం. మామూలు నీరైతే ఏసీ నీరు బయటికి పోయే గొట్టం పూడుకుపోయి ఉండవచ్చు, ముందు అద్దం చుట్టూ సీలు విడిపోయి ఉండవచ్చు. చాలామంది గమనించని దారి ఇంకొకటి ఉంది. డోర్ ప్యాడ్ వెనుక ఉండే ప్లాస్టిక్ షీటు చిరిగితే, తలుపు లోపలికి దిగిన వాన నీరు కింది రంధ్రాల గుండా బయటికి పోవడానికి బదులు నేరుగా కార్పెట్ మీదికి వస్తుంది. స్పీకరు బిగించేటప్పుడు ఆ షీటును చింపి పారేసిన కార్లు ఎన్నో ఉన్నాయి. సీట్లు, కార్పెట్ తీసేసిన ఖాళీ కారులో ఒకరు టార్చిలైటుతో కూర్చుని, మరొకరు బయట పైపుతో కింది నుంచి పైకి మెల్లగా నీరు పడుతూ వస్తే కారే చోటు దొరుకుతుంది. అది దొరికాకే తుప్పును గీకి, ప్రైమరు, పెయింటు వేసి, పూర్తిగా ఆరనివ్వాలి.

కారులో ముందే అతికించి ఉన్న పాత తారు షీట్లను హీట్ గన్‌తో మెత్తబరిచి గీకవచ్చు, లేదా డ్రై ఐస్‌తో గడ్డకట్టించి సుత్తితో పెళుసుగా రాలగొట్టవచ్చు. డ్రై ఐస్ వాడేవారు తలుపులన్నీ బార్లా తీసి ఉంచాలి, ఎందుకంటే దాని నుంచి వెలువడే కార్బన్ డయాక్సైడ్ మూసిన కారులో మనిషిని స్పృహ తప్పించగలదు. కొత్త షీటు అతికించే ముందు రేకును ఆల్కహాల్‌తో తుడిచి, అల్యూమినియం మీది గీతలు చదునయ్యేదాకా రోలరుతో నొక్కాలి. ఆ అల్యూమినియం అంచులు బ్లేడులా కోస్తాయి కాబట్టి చేతులకు తొడుగులు తప్పవు. తలుపు అడుగున నీరు పోయే రంధ్రాలు, నేలలోని రబ్బరు బిరడాలు, సీటు బోల్టుల చోట్లు కప్పకూడదు.

ఇక కార్పెట్. అచ్చు పోసిన కార్పెట్ మడతలతో వస్తుంది, దాన్ని కొన్ని గంటలు ఎండలో పరిస్తే దారికి వస్తుంది. గేరు లివరు ఉన్న మధ్య గుబ్బ మీద సరిగా కూర్చోబెట్టి, అక్కడి నుంచి రెండు పక్కలకూ సర్దుకుంటూ పోవాలే తప్ప ముందే అంచులు కత్తిరించకూడదు. బోల్టు రంధ్రాల కోసం డ్రిల్లు పెడితే కార్పెట్ పోగు బిట్‌కు చుట్టుకుని ఒక వరుసంతా లేచి వస్తుంది. కాల్చిన సన్నటి ఇనుప ఊచతో పొడిస్తే సింథటిక్ పోగులు కరిగి అంచు కట్టుకుంటుంది. అన్నిటికంటే ముఖ్యం, కింద పొరలు పెరిగిన కొద్దీ పెడళ్లకూ నేలకూ మధ్య దూరం తగ్గుతుంది. 2009లో టొయోటా సంస్థ అమెరికాలో లక్షలాది కార్లను వెనక్కి పిలిపించడానికి ఒక కారణం, ఫ్లోర్ మ్యాటులో యాక్సిలరేటర్ పెడల్ చిక్కుకునే ప్రమాదమే. యాక్సిలరేటర్‌ను చివరిదాకా తొక్కి వదిలి, అది ఎక్కడా తగలకుండా పైకి వస్తోందో లేదో చూడనిదే ఇంజిన్ స్టార్టు చేయకూడదు. కార్పెట్ నిప్పుకు ఎలా ప్రవర్తిస్తుందో కూడా అడగాలి. అమెరికా నిబంధన ప్రకారం కారు లోపలి వస్త్రాల మీద మంట నిమిషానికి 102 మిల్లీమీటర్లకు మించి పాకకూడదు; ఇళ్లలో పరిచే కార్పెట్‌ను కోసి కారులో వేసేవారికి ఆ హామీ ఉండదు.

ఈ పని చేసేవారికి నా విన్నపాలు మూడు. సీట్లు, కార్పెట్ తీసిన తరువాత, ఒక్క షీటు కూడా అతికించకముందు, యజమానిని పిలిచి ఖాళీ నేలను చూపించండి. ఆయన రాలేకపోతే ఫొటోలు పంపండి. వాడుతున్నది బ్యూటైలా, తారా, ఎంత మందం అన్నది బిల్లులో రాయండి. సీటు బెల్టుల బోల్టులను తయారీదారు చెప్పిన టార్కుతో (బిగింపు బలంతో) బిగించామని కూడా అందులోనే నమోదు చేయండి. మీ పత్రిక వాహనాల పేజీలో ఈ విషయం మళ్లీ వచ్చినప్పుడు ఈ మూడింటినీ పాఠకులకు తెలియజేయవలసిందిగా కోరుతున్నాను.

భవదీయుడు,
ఒక పాఠకుడు