మోటర్ కోచ్‌ను ముక్కలు చేయించే ముందు

గౌరవనీయులైన కేంద్ర రైల్వే శాఖ మంత్రి గారికి,

గుంటూరు నుంచి ఒక విశ్రాంత ఐటీఐ ఇన్‌స్ట్రక్టర్ నమస్కరించి రాసుకుంటున్న విన్నపం.

అయ్యా, మా ఊరికి కొత్త రైలు వేయమనో, ఉన్న రైలుకు మరో స్టాపు ఇవ్వమనో అడిగే ఉత్తరాలు మీ బల్ల మీద గుట్టలుగా ఉంటాయి. ఇది ఆ జాతి ఉత్తరం కాదు. నాకు కావలసింది ఒక పాత రైలు పెట్టె. పాతికేళ్లు నడిచి, ఇక పనికిరాదని మీ శాఖే తేల్చి, తుక్కు కింద అమ్మేయబోతున్న మెము (దగ్గరి ఊళ్ల మధ్య తిరిగే విద్యుత్ రైలు) మోటర్ కోచ్, అంటే మోటర్లున్న పెట్టె, ఒకటి. దాన్ని ముక్కలు కోయకుండా, కడుపులోని సామాను ఊడదీయకుండా, మా విజయవాడ, గుంటూరు ప్రాంతపు పిల్లలు చదువుకోవడానికి ఇప్పించండి.

ముప్పై ఏళ్లకు పైగా ఎలక్ట్రీషియన్ ట్రేడు విద్యార్థులకు పాఠాలు చెప్పాను. కాపురం గుంటూరులో, కొలువు బెజవాడలో. పెదకాకాని, నంబూరు, మంగళగిరి, కృష్ణా కెనాల్ దాటి వంతెన ఎక్కేసరికి క్యారేజీలో అన్నం చల్లారిపోయేది. మెము రైలులో నాలుగు పెట్టెలకు ఒకటి మోటర్ కోచ్. మిగతా మూడింటినీ అదే లాగుతుంది. చీరల మూటల వాళ్లు, కాలేజీ పిల్లలు ఆ చప్పుడు భరించలేక వెనక పెట్టెల్లోకి పోయేవారు. నేను ఏరికోరి మోటర్ కోచ్ ఎక్కేవాణ్ణి. రైలు కదిలేటప్పుడు కాళ్ల కింద మోటర్ల మూలుగు ఒక్కో మెట్టే ఎక్కుతూ పోవడం చెవికి స్పష్టంగా తెలిసేది. శ్రుతి పెంచుతున్నట్టే ఉంటుందని ఒకసారి మా ఆవిడతో అన్నాను. త్యాగరాజ ఆరాధనకు రమ్మంటే ఒక్క ఏడాదీ కదలని మనిషికి రైలు మూలుగులో శ్రుతి వినపడిందా అని దెప్పింది.

ఆ మూలుగు వెనక ఏమున్నదో మీకు తెలియనిది కాదు. ఈ ఉత్తరం చదివే పదిమందీ తెలుసుకోవాలని రెండు మాటలు రాస్తున్నాను. మన ఇంటి ప్లగ్గులో ఉండేది 230 వోల్టులు. రైలు పైన సాగే తీగలో 25 వేల వోల్టులు. రైలు పైకప్పు మీది పాంటోగ్రాఫ్ అనే చట్రం ఆ తీగను ఒరుసుకుంటూ కరెంటు అందుకుంటుంది. ట్రాన్స్‌ఫార్మర్ దాన్ని తగ్గిస్తుంది, ట్యాప్ ఛేంజర్ మోటర్లకు అందే వోల్టేజీని మెట్లు మెట్లుగా పెంచుకుంటూ పోతుంది, రెక్టిఫైయర్ ఏసీని డీసీగా మారుస్తుంది. ఆ డీసీ నాలుగు సీరీస్ మోటర్లకు చేరి ఇరుసులను తిప్పుతుంది. ఒక్క పెట్టెలో మొత్తం పాఠ్యపుస్తకం ఉంది. ట్రాన్స్‌ఫార్మర్ ఒక పాఠం, డీసీ మోటర్ ఇంకో పాఠం, రెక్టిఫైయర్ మరో పాఠం. మేము వీటిని వేర్వేరు అధ్యాయాలుగా, సుద్దముక్కతో, ఒకదానికొకటి సంబంధం లేనట్టు చెబుతాం. అవన్నీ ఒకే నేల కింద, ఒకే తీగ కట్టుకుని, వెయ్యిమందిని కృష్ణ దాటిస్తున్నాయని చూపించే వీలు మాకు ఏనాడూ లేదు.

డీసీ సీరీస్ మోటర్‌ను లోడు లేకుండా నడపకూడదు. ప్రతి ఎలక్ట్రీషియన్ నోటికి వచ్చిన సూత్రం ఇది. లోడు లేకపోతే వేగం అదుపు తప్పి పెరుగుతూనే ఉంటుంది, చివరకు ఆర్మేచర్ (మోటర్ లోపల తిరిగే భాగం) తీగ చుట్టలు పైకి చీల్చుకుని వస్తాయి. నా పిల్లలు దీన్ని పరీక్షలో తప్పు లేకుండా రాసేవారు. కానీ మా ప్రయోగశాలలో ఉన్న మోటర్ కుట్టుమిషను మోటరుకు అన్నలా ఉండేది. అది చీలినా ఎవరికీ భయం వేయదు. రైలు మోటర్ ఆర్మేచర్‌ను ఒక్కసారి ఎదురుగా నిలబడి చూసినవాడికి ఆ సూత్రం బట్టీ పట్టవలసిన పని ఉండదు.

అందుకే కొన్నేళ్ల కిందట పాత ట్రాక్షన్ మోటర్ (రైలును నడిపే మోటర్) ఒకటి ఇప్పించమని మా సంస్థ తరఫున ఒక కార్యాలయానికి ఉత్తరం రాశాం. వేలంలో పాల్గొనవచ్చునని మర్యాదగానే జవాబు వచ్చింది. ఆరా తీస్తే, ఆ సరుకును అమ్మేది టన్నుల లెక్కన. మాకు కావలసింది ఒక మోటరు, కొనవలసింది లారీడు తుక్కు. ప్రిన్సిపాల్ గారు ఆ ఉత్తరాన్ని జాగ్రత్తగా ఫైలులో పెట్టించారు. ఇప్పటికీ అక్కడే ఉండి ఉంటుంది.

మీ శాఖ తుక్కు అమ్మడాన్ని నేను తప్పుపట్టడం లేదు. 2020–21 ఒక్క సంవత్సరంలో తుక్కు అమ్మకం మీద రైల్వేకు నాలుగున్నర వేల కోట్ల రూపాయలకు పైగా వచ్చింది. యార్డులో తుప్పు పట్టి, పాములకు ఇల్లయ్యేకంటే అమ్మడమే మేలు. పాత చక్రాల సంగతి వింటే నాకు ముచ్చటేస్తుంది. బెంగళూరు పక్కన యెలహంకలోని చక్రాల కర్మాగారం అరిగిన చక్రాలను, ఇరుసులను కరిగించి కొత్త చక్రాలు పోస్తుంది. మంగళగిరి మీదుగా తిరిగి తిరిగి అరిగిన చక్రం మరో పెట్టె కింద మళ్లీ పట్టాలెక్కుతుంది. ఇంతకంటే మంచి పునర్జన్మ మనుషులకు కూడా ఉంటుందని నేననుకోను. రాగి, ఉక్కు, అల్యూమినియం కూడా ఎక్కడికో అక్కడికి చేరి పనికొస్తాయి. అన్ని పెట్టెలనూ దాచమనడం లేదు, ఒక్క పెట్టె అడుగుతున్నాను.

ఆ ఒక్కటీ ఇప్పుడే ఎందుకంటే, కొత్తగా వస్తున్న మెము రైళ్లు వేరే తరానివి. త్రీ ఫేజ్ ఇండక్షన్ మోటర్లు, వాటికి కరెంటును మార్చి ఇచ్చే ఐజీబీటీ అనే ఎలక్ట్రానిక్ స్విచ్‌ల కన్వర్టర్లు. బ్రేకు వేసినప్పుడు పుట్టే కరెంటును తిరిగి తీగలోకి పంపుతాయి. కార్బన్ బ్రష్షులు మార్చే పని లేదు, ఆ బ్రష్షులు ఒరుసుకునే కమ్యుటేటర్ మీద నిప్పురవ్వల గొడవ లేదు. అన్ని విధాలా మంచి బండ్లు, రావలసినవే. కానీ వాటి పెట్టె మూత తీసి ఒక పిల్లవాణ్ణి నిలబెడితే ఏం కనపడుతుంది? సీలు వేసిన డబ్బా, లోపల సర్క్యూట్ కార్డు. పాత మోటర్ కోచ్‌లో కాంటాక్టర్ అనే పెద్ద స్విచ్ టప్పున మూసుకోవడం కంటికి కనపడుతుంది, రిలే కొట్టుకోవడం చెవికి వినపడుతుంది, ఏ తీగ ఎక్కడికి పోతోందో వేలు పెట్టి చూపించవచ్చు. చూసి నేర్చుకోగల విద్యుత్ రైలు ఇదే ఆఖరిది. ఇవి గ్యాస్ కట్టరు కిందికి పోయాక మీరు మనసు మార్చుకున్నా తెచ్చి ఇవ్వడానికి ఏమీ మిగలదు.

మా దగ్గర ఈ రకం చదువు కొత్త కాదు. విజయవాడ ఆటోనగర్‌కు ఒకసారి రండి. లారీ ఇంజన్ విప్పి మళ్లీ బిగించడం అక్కడి కుర్రాళ్లు ఏ బడిలోనూ నేర్చుకోలేదు. పాత బండిని నట్టు నట్టుగా ఊడదీస్తూ నేర్చుకున్నారు. నా శిష్యుల్లో ఇద్దరు ముగ్గురు క్లాసు ఎగ్గొట్టి అక్కడికి పోయేవారు. అప్పట్లో కోప్పడ్డాను. ఇప్పుడు ఆలోచిస్తే వాళ్లే తెలివైనవాళ్లేమో అనిపిస్తుంది.

పాత పెట్టెలకు మీరు చూపిస్తున్న దారులు నాకు తెలియకపోలేదు. ఐసీఎఫ్ (చెన్నై పెట్టెల కర్మాగారం) పాత పెట్టెల కిటికీలు మూసేసి, చివర తలుపులు పెట్టి, కార్లు మోసే బండ్లుగా మార్చారు. పట్టాల పని చేసే సిబ్బందికి విడిది పెట్టెలు చేశారు. 2020లో అసన్‌సోల్‌లో చక్రాల మీది హోటల్ తెరిచారు, ఆ తర్వాత కాచిగూడ లాంటి స్టేషన్లకూ అది పాకింది. ఇవన్నీ చాలావరకు ఇంజన్ లాగే పెట్టెల కథలు. హోటలుకు ఖాళీ డొక్కు చాలు. మోటర్ కోచ్‌ను హోటలు చేయాలంటే ముందు దాని పేగులన్నీ తీసి అమ్మాలి. అప్పుడది ఇడ్లీలు అమ్మే ఇనుప గది. నాకు ఇడ్లీల మీద ద్వేషమేమీ లేదు. గుంటూరులో ఇడ్లీకి రైలు పెట్టె అవసరం లేదని మాత్రం మనవి.

స్టేషన్ల ముందు, ఆఫీసుల ముందు దిమ్మె కట్టి నిలబెట్టిన ఇంజన్లనూ చూశాను. ఏటేటా పైన రంగు, లోపల పావురాలు. దయచేసి ఆ మర్యాద మాత్రం చేయకండి.

ఇతర దేశాల్లో ఈ రైళ్లకు రకరకాల గతులు పట్టాయి. జపాన్‌లో నడిచి రిటైరైన 205 శ్రేణి లోకల్ రైళ్లు 2013 తర్వాత వందల సంఖ్యలో ఇండొనేషియా రాజధాని జకార్తాకు చేరి అక్కడి జనాన్ని మోశాయి. న్యూయార్క్ వాళ్లు 2001 నుంచి పాత సబ్‌వే పెట్టెలను అట్లాంటిక్‌లో ముంచి చేపలకు ఇళ్లు కట్టించారు. అన్నిటికంటే నాకు నచ్చింది బ్రిటన్‌లోని ఐల్ ఆఫ్ వైట్ అనే చిన్న దీవి. 1938 నాటి లండన్ భూగర్భ రైళ్లను తెచ్చుకుని, 2021 జనవరి దాకా వాటిలోనే తిరిగారు. మన పాతికేళ్ల లెక్క వింటే ఆ రైళ్లు నవ్వుకుంటాయి. అయితే ఆ సముద్రపు గాలి దీవిని చూసి మన బండ్లనూ అలా నడపమని అడగను. మన రద్దీ వేరు, మన మే నెల వేరు.

మన దేశంలో తొలి విద్యుత్ రైలు 1925 ఫిబ్రవరి 3న బొంబాయి విక్టోరియా టెర్మినస్ నుంచి కుర్లాకు నడిచింది. అది 1500 వోల్టుల డీసీ. ఆ పద్ధతి 2016 ఏప్రిల్‌లో ముంబయి హార్బర్ లైను మీద ముగిసింది. విజయవాడ–గూడూరు మార్గానికి తీగలు పడి కూడా నాలుగు దశాబ్దాలు దాటింది. నూరేళ్ల చరిత్రలో ఒక తరం మన కళ్ల ముందే ఆగిపోతుంటే, ఆ తరం యంత్రం ఒక్కటి కోస్తాలో పిల్లలకు అందుబాటులో ఉండాలని అడగడం పెద్ద కోరికేమీ కాదు. మీ ఉద్యోగులకు శిక్షణ కేంద్రాలున్నాయి, నాసిక్‌లో ఇంజనీర్ల సంస్థ ఉంది. తెనాలి ఐటీఐ పిల్లవాణ్ణి ఆ గేటు లోపలికి ఎవరు రానిస్తారు?

పని ఎలా జరగాలో కూడా ఆలోచించాను, పాత అలవాటు. ట్రాన్స్‌ఫార్మర్ నూనె పూర్తిగా తీసి, ట్యాంకుకు ఒక పక్క కిటికీలా కోయాలి. నాలుగు మోటర్లలో ఒకదాన్ని కింది నుంచి దింపి, విప్పి బల్ల మీద పెట్టాలి. పాంటోగ్రాఫ్‌ను చేతికందే ఎత్తుకు తేవాలి. పైన రేకుల కప్పు తప్పనిసరి, బెజవాడ ఎండకు, తుపాను వానకు బయట పెట్టిన ఉక్కు పదేళ్లు ఆగదు. ఈ కోతలన్నీ మీ గుంటుపల్లి వర్క్‌షాపులో చేయించవచ్చు, అనుమతిస్తే ఆటోనగర్ కుర్రాళ్లు సంతోషంగా వస్తారు. స్థలం విజయవాడలో రైల్వేది ఎక్కడైనా సరే. గుంటూరు మనిషినై ఉండి బెజవాడకు ఇవ్వమంటున్నానంటే నా చిత్తశుద్ధి మీకు అర్థమయ్యే ఉంటుంది.

మిగిలిన పెట్టెలను కోసేవాళ్ల గురించి ఒక మాట. పాత తరం పెట్టెల్లో వేడి ఆపడానికి ఆస్బెస్టాస్ వాడేవారు. ఆ ధూళి ఊపిరితిత్తుల్లో చేరితే జబ్బు బయటపడటానికి దశాబ్దాలు పడుతుంది, అప్పటికి కోయించిన కాంట్రాక్టరు ఎక్కడున్నాడో ఎవరికీ తెలియదు. ముఖానికి తువ్వాలు చుట్టుకుని గ్యాస్ కటింగ్ చేసే మనుషులను నేను చాలామందిని చూశాను. వేలం షరతుల్లో మాస్కు, చేతి తొడుగులు, నూనె పారబోయకుండా పీపాల్లో పట్టడం అని రాయిస్తే సరిపోదు, కోసే రోజున మీ మనిషి ఒకరు పక్కన నిలబడాలి.

ఏ రైలును ఎప్పుడు పనికిరాదని కండెమ్ చేస్తారో మీ కాగితాల్లో ముందే ఉంటుంది. ఆ తేదీకి మూడు నెలల ముందు ఈ ప్రాంతపు ఐటీఐలకు, పాలిటెక్నిక్‌లకు ఒక ఉత్తరం వేయించండి. పెట్టె నిలబెట్టాక వారానికి రెండు రోజులు నేనే వచ్చి పాఠం చెబుతాను. జీతం అక్కర్లేదు. సీనియర్ సిటిజన్ రాయితీ 2020లో ఆపేశారు కాబట్టి గుంటూరు నుంచి టికెట్టు పూర్తి ధరకే కొనుక్కుంటాను. మోకాళ్ల వల్ల పెట్టె మెట్లు ఎక్కడం కష్టమవుతోంది, ప్లాట్‌ఫారం ఎత్తుకు ఒక దిమ్మె కట్టిస్తే చాలు.

ఇట్లు
తమ విధేయుడు,
గుంటూరు నుంచి ఒక పాత మోటర్ కోచ్ ప్రయాణికుడు